కాలు కుదిరింది, పరుగు కుదరలేదు

బెంగళూరు ఫుట్‌బాల్ కథ ఎవరు చెప్పినా కప్పులతోనే మొదలుపెడతారు. 1937లో బెంగళూరు ముస్లిమ్స్ జట్టు రోవర్స్ కప్పు గెలిచింది. బ్రిటిష్ పటాలాల చేతుల్లోనే తిరుగుతున్న ఆ కప్పును అందుకున్న తొలి భారతీయ జట్టు అదే. మరుసటి ఏడూ వాళ్లే గెలిచారు. మైసూరు రాష్ట్ర జట్టు 1946-47లోనూ, 1952-53లోనూ, తిరిగి 1967-68, 1968-69 సంవత్సరాల్లో వరసగానూ సంతోష్ ట్రోఫీ సాధించింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ మీద మన దేశానికి దక్కిన ఏకైక గోలు మైసూరు జట్టు ఆటగాడు సారంగపాణి రామన్‌ది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశపు మొట్టమొదటి గోలు కూడా అదే. నాలుగేళ్ల తర్వాత హెల్సింకీలో యుగోస్లావియా 10-1తో చితక్కొట్టినప్పుడు మనవైపు ఆ ఒక్కటీ కొట్టింది బెంగళూరు అహ్మద్ ఖాన్. ఈ జాబితాను ఎంత పొడిగించినా అందులో ఒక ప్రశ్నకు మాత్రం చోటు దొరకదు. తొడ వెనక కండరం చిరిగిన ఆటగాడు మళ్లీ ఎప్పుడు పరుగెత్తాడు, మునుపటి వేగంతోనే పరుగెత్తాడా?

హామ్‌స్ట్రింగ్ గాయం చరిత్రను వైద్యం ఎదిగిన కథగా చెప్పడం మామూలు. నూనె మర్దనలు పోయి ఐసు ముక్కలొచ్చాయి, ఐసు పోయి స్కానింగులొచ్చాయి, వాటి వెనకే ఉపగ్రహాలతో వేగం కొలిచే పట్టీలొచ్చాయి, కాబట్టి ఇప్పటి ఆటగాడు అదృష్టవంతుడు అని ముగుస్తుంది ఆ కథ. అందులో అబద్ధం లేదు గాని అసలు సంగతి జారిపోతుంది. చిరిగిన కండరం అతుక్కోవడం ఒక పని, పోయిన పరుగు తిరిగి రావడం మరో పని. మొదటిది చాలావరకు ఒళ్లు దానంతటదే చేసుకుంటుంది. రెండోది పరుగెత్తితే తప్ప రాదు, అదీ కొద్దికొద్దిగా పెంచుకుంటూ, కొలుచుకుంటూ పరుగెత్తితేనే. ఆ రెండో పనికి ఆటగాడికి ఎంత వ్యవధి దొరుకుతుందో వైద్యుడు తేల్చిన సందర్భాలు తక్కువ. ఆట నియమాలు, జీతమిచ్చే సంస్థ, మ్యాచుల పట్టిక కలిసి తేల్చేశాయి. బెంగళూరు ఎనభై తొంభై ఏళ్ల ఫుట్‌బాల్‌ను ఈ కోణంలో చదివితే కప్పుల జాబితాలో కనిపించని ఊరొకటి కనిపిస్తుంది.

ముందు ఆ కండరం సంగతి. తుంటి ఎముక అడుగునుంచి బయల్దేరి మోకాలి దిగువకు చేరే మూడు కండరాల గుత్తి ఇది. నడకలో దీనికి పెద్ద శ్రమ లేదు. మనిషి నిండు వేగంతో పరుగెత్తుతున్నప్పుడు మాత్రం కాలు ముందుకు విసురుగా వెళ్లి నేలను తాకబోయే ముందు, ఆ విసురును ఆపాల్సిన భారమంతా దీని మీదే పడుతుంది. సాగుతూనే బిగుసుకోవాలి, బిగుసుకుంటూనే భారం మోయాలి. చిరుగు పడేది ఎక్కువగా ఆ క్షణంలోనే. యూరప్ వృత్తి ఫుట్‌బాలర్ల మీద జరిగిన అధ్యయనాల్లో ఈ గాయాల్లో సుమారు 70 శాతం వేగంగా పరుగెత్తేటప్పుడే అయ్యాయని, ప్రతి అయిదింటిలో నాలుగు తొడ వెలుపలివైపు ఉండే బైసెప్స్ ఫెమోరిస్ కండరానివేనని తేలింది. ఈ గాయం ఏది లాక్కుంటుందో, ఏది వదిలేస్తుందో చూడాలంటే తెలుగువాళ్లకు బాగా గుర్తున్న ఒక ఇన్నింగ్స్ చాలు. 2021 జనవరి 11న సిడ్నీ టెస్టు చివరి రోజు, కాకినాడలో పుట్టిన హనుమ విహారి ఒక సింగిల్ కోసం పరుగెత్తుతూ హామ్‌స్ట్రింగ్ చింపుకున్నాడు. అయినా 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో అజేయంగా నిలిచాడు. అశ్విన్‌తో కలిసి నలభై ఓవర్లకు పైగా ఆడి మ్యాచ్‌ను డ్రా చేశాడు. అంతర్జాతీయ క్రికెట్‌లో రన్నర్‌ను 2011లోనే తీసేశారు కాబట్టి తన బదులు పరుగెత్తే మనిషి లేడు. నిలబడగలిగాడు, వంగగలిగాడు, బంతిని ఆపగలిగాడు. పరుగు ఒక్కటే చేతకాలేదు. క్రికెట్‌లో ఆ ఒక్కటి లేకున్నా ఒక పూట గడిపేయవచ్చు. ఫుట్‌బాల్‌లో అది లేకపోతే మిగిలేదేమీ ఉండదు.

1948 నాటి ఫుట్‌బాల్‌లో గాయపడినవాడి బదులు మరొకణ్ణి దించే వీలే లేదు. ఇంగ్లండ్ లీగ్‌లో సబ్‌స్టిట్యూట్‌ను ఒప్పుకున్నది 1965లో, ప్రపంచకప్‌లో 1970లో. అంతకుముందు తొడ పట్టేసినవాడికి రెండే దారులు. బయటికొచ్చి జట్టును పదిమందికి కుదించడం ఒకటి, కుంటుతూ ఏదో ఒక వింగ్ మీద నిలబడి ప్రత్యర్థి డిఫెండర్ ఒకణ్ణయినా తనకు కాపలాగా కట్టిపడేయడం రెండోది. అందరూ రెండోదే ఎంచుకునేవారు, ఎంచుకోమని జట్టూ అడిగేది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడితే హైదరాబాద్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం అతణ్ణి వెనకనుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించడం, ఫైనల్లో దక్షిణ కొరియా మీద అతను గోలు కొట్టడం మన ఫుట్‌బాల్ పురాణంలో చేరిపోయాయి. ఆ పురాణం పనిచేసింది కుట్లు తల మీద ఉన్నాయి గనక. తలకు దెబ్బ తగిలినవాడు పరుగెత్తగలడు, పళ్లు బిగించి ఆడితే వీరుడవుతాడు. హామ్‌స్ట్రింగ్ చిరిగినవాడు అదే పట్టుదల చూపిస్తే వారం గాయం నెల గాయమవుతుంది. నొప్పిని ఓర్చుకోవడమే ఆటగాడి యోగ్యతగా చూసే అలవాటు ఆ నియమం నీడలో పెరిగింది. నియమం మారి యాభై ఏళ్లు దాటినా అలవాటు అంత త్వరగా మారలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. పాతకాలం వాళ్లకు ఇన్ని హామ్‌స్ట్రింగ్ గాయాలు అయ్యేవి కావు, ఇదంతా బూట్లు, జిమ్ములు, మెత్తని కృత్రిమ గడ్డి తెచ్చిన జబ్బు, వట్టి కాళ్లతో గట్టినేల మీద ఆడినవాళ్ల కండరాలు ఇనుప కడ్డీలు అనేవాళ్లు ప్రతి మైదానం గట్టునా ఉంటారు. ఇందులో సగం నిజముంది. అప్పటి ఆటలో నిండు వేగపు పరుగులు తక్కువ. దేశంలోని చాలా పోటీల్లో మ్యాచ్ నిడివి 70 నిమిషాలే. అహ్మద్ ఖాన్‌ను బ్రిటిష్ పత్రికలు పాములవాడితో పోల్చాయి. బంతిని కాలికి అంటిపెట్టుకుని ఒకణ్ణి, ఇద్దర్ని, ముగ్గుర్ని బోల్తా కొట్టించే ఆట అది. ఈస్ట్ బెంగాల్ పంచపాండవుల్లో ఆయన, ధనరాజ్, వెంకటేశ్, సాలే, మన కాకినాడ అప్పారావు కలిసి 1949 నుంచి వరసగా మూడేళ్లు ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచింది అలాంటి ఆటతోనే. ఆ ఆటలో తొడకండరం మీద పడే భారం తక్కువ. ఇప్పటి లెక్క వేరు. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో 2006-07 నుంచి 2012-13 లోపు, అంటే ఏడు సీజన్లలోనే, ఒక మ్యాచ్‌లో ఆటగాడు నిండు వేగంతో పరుగెత్తే దూరం మూడోవంతుకు పైగా పెరిగింది. కాబట్టి గాయాలను పెంచింది బూటు కాదు, పరుగు. ఆ మార్పు మనదేశంలో ఎక్కణ్ణుంచి మొదలైందని అడిగితే వేలు హైదరాబాద్ వైపే చూపించాలి. డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు, బలహీనమైన కాలితోనే బంతి తన్నాల్సిన పోటీలు పెట్టి పాస్‌లతో, కదలికతో ఆటను వేగవంతం చేసినవాడు రహీం. హైదరాబాద్ పోలీసులు తమ సత్తా మొదట చాటింది కూడా బెంగళూరులోనే, 1943లో యాష్ గోల్డ్ కప్ ఫైనల్లో రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును ఓడించి. వేగం పెరిగిన ఆటలో వేగం కోల్పోయినవాడికి చోటు కష్టమవుతుంది. అభ్యంతరంలోని మిగతా సగం, అంటే వట్టి కాళ్ల మహిమ, నిలవదు. పాత మ్యాచుల వివరాల్లో గోలు కొట్టినవాడి పేరుంటుంది, ఏ నిమిషమో ఉంటుంది. మరుసటి సీజన్‌కు అర గజం వెనకబడి జట్టులో చోటు పోగొట్టుకున్నవాడికి ఏ పట్టికా లేదు. గాయపడి కనబడకుండా పోయినవాళ్లను లెక్కలోంచి తీసేసి, మిగిలినవాళ్లను చూపించి ఆ తరం గట్టిదనడం తర్కం కాదు.

స్వాతంత్ర్యం తర్వాత బెంగళూరు ఫుట్‌బాల్‌ను నిలబెట్టింది కార్ఖానాలు, సైనిక సంస్థలు. 1940లో మొదలైన హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ (ఇప్పటి హెచ్ఏఎల్), 1948లో వచ్చిన ఐటీఐ, దరిదాపుల్లోనే పుట్టిన ఇతర ప్రభుత్వరంగ సంస్థలు, మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, ఏఎస్‌సీ వంటి సైనిక దళాలు ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చాయి. అలసూరు, ఆస్టిన్ టౌన్, గౌతంపుర వంటి కంటోన్మెంట్ పేటల్లో తెలుగు, తమిళం, ఉర్దూ, కన్నడం కలగలిపి మాట్లాడే ఇళ్ల పిల్లలకు ఫుట్‌బాల్ అంటే స్థిరమైన జీతానికి ఒక దారి. ఈ ఏర్పాటును ఇప్పుడు చాలామంది ఔత్సాహికుల కాలమని తేలిగ్గా తీసిపారేస్తారు. నాకు అలా అనిపించదు. కార్ఖానా ఆటగాడి జీతం అతని తొడకండరం మీద ఆధారపడి లేదు. సీజన్ పోయినా ఉద్యోగం పోదు, ఆట ముగిసినా పింఛను దాకా వెళ్లవచ్చు. అర గజం తగ్గిన వేగం ఇంటి పొయ్యిని ఆర్పే పరిస్థితి లేదు. కాంట్రాక్టు మీద బతికే ఇప్పటి ఆటగాడికి లేనిదదే. కాకపోతే కార్ఖానా ఇచ్చింది బతుకు భద్రత మాత్రమే, పరుగును తిరిగి నేర్పే మనిషిని కాదు. సెలవు దొరికేది, ఆసుపత్రి దొరికేది. డాక్టరు నడిపించి చూసి పనిలో చేరవచ్చని రాసేవాడు. ఉద్యోగానికి పనికొస్తాడన్న ఆ చీటీయే ఆటకూ చెల్లిపోయేది. లేత్ మిషన్ దగ్గర నిలబడడానికి కావలసిన కాలు వేరు, కుడి వింగ్ మీద ముప్ఫై గజాలు దూసుకెళ్లే కాలు వేరు అన్న తేడా ఆ చీటీలో రాయడానికి గడి లేదు.

ఆసుపత్రికి వెళ్లనివాళ్లు కట్టు కట్టేవాళ్ల దగ్గరికి వెళ్లారు, ఇప్పటికీ వెళ్తున్నారు. పూర్వపు చిత్తూరు జిల్లా పుత్తూరు నుంచి బయల్దేరిన ఎముకల వైద్యం పేరు బెంగళూరులో ఎన్ని బోర్డుల మీద కనిపిస్తుందో ఈ ఊరి తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. రాచపాళెం రాజుల కుటుంబం తరతరాలుగా నిలిపిన ఆ పద్ధతిలో ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ కట్టు ప్రధానం. విరిగిన ఎముకను కదలకుండా పట్టి ఉంచడం దాని మూలసూత్రం. ఎముక విషయంలో ఆ సూత్రాన్ని ఆధునిక వైద్యమూ కాదనదు, పిండికట్టు చేసేది అదే. చిక్కు ఎక్కడొచ్చిందంటే ఎముక న్యాయాన్ని కండరానికీ వర్తింపజేయడంలో. బిగించి కట్టు, కదపకు, మూడు వారాలు పడుకో అన్న సలహా కండరానికి సరిపడదు. ఎముక అతుక్కుంటే దాదాపు మునుపటి ఎముకే. కండరం అతుక్కున్న చోట మచ్చకణజాలం ఏర్పడుతుంది. మొదటి కొద్దిరోజులు దాటాక దానికి మితంగా లాగుడు తగులుతుంటేనే పోగులు సరైన దిశలో పేరుకుంటాయి. ఫిన్లండ్‌లో యార్వినెన్ కుటుంబ పరిశోధకులు దశాబ్దాలపాటు జంతువుల కండరాల మీద చేసిన పని చెప్పిందిదే: విశ్రాంతి కొద్దిరోజులే, ఆ తర్వాత కదలిక. ఇక్కడ నాటువైద్యాన్ని ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడం అన్యాయం. డిగ్రీలున్న వైద్యం కూడా అదే తప్పును ఇంకో పేరుతో చేసింది.

ఆ పేరు 1978లో వచ్చింది. అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ తన పుస్తకంలో విశ్రాంతి, ఐసు, బిగింపు కట్టు, కాలు ఎత్తిపెట్టడం అనే నాలుగింటిని కలిపి ఒక సూత్రంగా ఇచ్చాడు. ప్రపంచంలోని ప్రతి మైదానానికీ అది పాకింది. బెంగళూరు మైదానాలకూ ఐసు డబ్బా వచ్చి చేరింది. ముప్ఫై అయిదేళ్లు గడిచాక మిర్కినే ఐసు, పూర్తి విశ్రాంతి కోలుకోవడాన్ని ఆలస్యం చేయవచ్చని వెనక్కి తగ్గాడు. విశ్రాంతి ఎంత ఖరీదైనదో 2017లో డెన్మార్క్ పరిశోధకులు అంకెలతో చూపించారు. తొడ లేదా పిక్క కండరం గాయపడిన 50 మంది ఔత్సాహిక క్రీడాకారుల్లో సగం మందికి రెండో రోజు నుంచి, మిగతా సగానికి తొమ్మిదో రోజు నుంచి వ్యాయామం మొదలుపెట్టారు. నొప్పి లేకుండా ఆటకు తిరిగి రావడానికి మొదటివాళ్లకు 62.5 రోజులు, రెండోవాళ్లకు 83 రోజులు పట్టింది. మొదట్లో వారం ఆగినందుకు చివర్లో మూడు వారాలు చెల్లించారు. అంతకు నాలుగేళ్ల ముందు స్వీడన్‌లో ఆస్క్‌లింగ్ బృందం 75 మంది అగ్రశ్రేణి ఫుట్‌బాలర్ల మీద రెండు రకాల వ్యాయామాలను పోల్చింది. కండరాన్ని సాగదీస్తూ భారం మోయించే పద్ధతిలో సగటున 28 రోజులకే తిరిగొస్తే, మామూలు పద్ధతిలో 51 రోజులు పట్టింది. కండరం పరుగులో ఏ పని చేస్తుందో ఆ పనినే నెమ్మదిగా నేర్పితే ఫలితం ఉందన్నమాట.

ఇక్కడి దాకా అన్నీ రోజుల లెక్కలే. పరుగు లెక్క ఎవరూ వేయలేదు. 2014లో మెండిగుచియా బృందం ప్రచురించిన చిన్న అధ్యయనాన్ని ఈ చరిత్రలో మలుపుగా నేను చూసేది అందుకే. 28 మంది సెమీ ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్లు, వాళ్లలో 14 మంది అప్పుడే హామ్‌స్ట్రింగ్ గాయం నుంచి కోలుకుని ఆడవచ్చని అనుమతి పొందినవాళ్లు, 14 మంది గాయమెరగనివాళ్లు. అందరిచేతా 50 మీటర్లు రెండుసార్లు నిండు వేగంతో పరుగెత్తించి రాడార్ తుపాకీతో క్షణక్షణం వేగాన్ని పట్టుకున్నారు. ఆ వేగపు గీతలోంచి ఆటగాడు నేలను వెనక్కి ఎంత బలంగా నెడుతున్నాడో, అంటే ముందుకు పోయే బలమెంతో లెక్కగట్టారు. అనుమతి పొందినవాళ్లు మిగతావాళ్ల కంటే నెమ్మదిగా ఉన్నారు, ముందుకు నెట్టే బలమూ శక్తీ గణనీయంగా తక్కువ. రెండు నెలల మామూలు సాధన తర్వాత వాళ్లలో 11 మందిని మళ్లీ పరీక్షిస్తే ఆ బలం పెరిగింది, మొదటి అడుగుల వేగం మెరుగైంది. ఆడవచ్చన్న ముద్ర పడిన రోజున పరుగు ఇంకా దారిలోనే ఉందన్నమాట.

ఈ అధ్యయనం మీద గట్టి అభ్యంతరాలే వేయవచ్చు. మనుషులు కొద్దిమంది. గాయపడ్డవాళ్లను పోల్చింది గాయపడనివాళ్లతో గాని, గాయానికి ముందున్న తమతో కాదు. అసలే బలం తక్కువ కాబట్టే వాళ్లకు గాయమైందేమో? ఆ అనుమానాన్ని పూర్తిగా తోసిపుచ్చలేం. కానీ అదే మనుషుల్లో రెండు నెలలకు బలం పెరిగిందంటే, తిరిగొచ్చిన రోజున కనిపించిన లోటులో కొంతైనా గాయం మిగిల్చిందే అనుకోవడం సబబు. ఇంతకంటే పదునైన అభ్యంతరం ఇంకోటుంది. మామూలుగా ఆడుతూ సాధన చేస్తుంటేనే రెండు నెలల్లో పరుగు తిరిగొచ్చింది కదా, మరి ఆటగాణ్ణి ఆపి కొలవడమెందుకు, ఆడుతూ ఆడుతూ కుదురుకోనివ్వచ్చుగా? కోచ్‌లు నోటితో అనకపోయినా చేతలతో అనేది ఇదే. దీనికి జవాబు యూరప్ అగ్రశ్రేణి క్లబ్బుల గాయాలను 2001 నుంచి నమోదు చేస్తున్న ఎక్‌స్ట్రాండ్ బృందం లెక్కల్లో ఉంది. హామ్‌స్ట్రింగ్ గాయాల్లో 18 శాతం తిరగబెట్టినవే. ఆ తిరగబెట్టినవాటిలో మూడింట రెండు వంతులకు పైగా ఆటకు తిరిగొచ్చిన రెండు నెలల లోపే అయ్యాయి. ఒక అధ్యయనం పరుగు కుదురుకోవడానికి పట్టిందని చూపిన రెండు నెలలు, మరో అధ్యయనం గాయం తిరగబెడుతుందని చూపిన రెండు నెలలు ఒకటే. ఇది కాకతాళీయం కాదని నిరూపించే ప్రయోగం వేరే కావాలి, నిజమే. కానీ ఆడుతూ కుదురుకునే దారిలో గుంటలన్నీ సరిగ్గా అక్కడే ఉన్నప్పుడు ఆ దారిని సులువైనదని అనలేం. ఆ క్లబ్బుల్లో మొత్తం గాయాల్లో హామ్‌స్ట్రింగ్ వాటా 2001-02లో 12 శాతం, 2021-22లో 24 శాతం. ప్రపంచంలో కెల్లా ఖరీదైన వైద్యబృందాలున్న చోట వాటా రెట్టింపైందంటే, లోపం వైద్యంలో ఉందనుకోవడం కష్టం. మ్యాచులు పెరిగాయి, వేగం పెరిగింది, మధ్యలో వ్యవధి పెరగలేదు.

బెంగళూరుకు ఆ ప్రపంచం 2013లో బెంగళూరు ఎఫ్‌సీ రూపంలో వచ్చింది. మొదటి సీజన్‌లోనే ఐ-లీగ్, 2015-16లో మళ్లీ ఐ-లీగ్, 2016లో ఏఎఫ్‌సీ కప్ ఫైనల్, 2018-19లో ఐఎస్ఎల్. కార్ఖానా జట్లలో చివరిదాకా జాతీయ లీగ్‌లో పోరాడిన హెచ్ఏఎల్ 2012లో కిందికి జారిన రెండేళ్లకే ఈ కొత్త జట్టు కంఠీరవ స్టేడియం నింపింది. 2015లో మ్యాచ్ మధ్యలో కూడా వేగం కొలిచే పరికరాలు ధరించవచ్చని ఆట నియమాలు ఒప్పుకున్నాయి. పరుగు ఎట్టకేలకు అంకెగా మారింది. ఇదే నగరంలో 2000లో ఏర్పడిన జాతీయ క్రికెట్ అకాడమీ ఈ విషయంలో దేశానికి ఒక పాఠం చూపించింది, ఆ పాఠం రెండు వైపులా కోస్తుంది. 2020 అక్టోబరులో రోహిత్ శర్మ హామ్‌స్ట్రింగ్ దెబ్బతింది. ఆస్ట్రేలియా పర్యటనకు మొదట ఎంపిక చేయలేదు. అయినా నవంబరు మొదట్లోనే ఐపీఎల్‌లో ఆడాడు, నవంబరు 10న ఫైనల్లో 68 పరుగులు చేశాడు. బెంగళూరు అకాడమీ అతణ్ణి ఫిట్ అని తేల్చింది డిసెంబరు 11న. అప్పుడు కూడా వికెట్ల మధ్య పరుగు సంతృప్తికరమని, ఓర్పు మీద మాత్రం ఇంకా పనిచేయాలని బోర్డు చెప్పింది. ఒకే కాలు ఒక యజమానికి నవంబరులో సిద్ధమైంది, ఇంకో యజమానికి డిసెంబరులో. అకాడమీ చేసింది సరైన పనే. కానీ ఆ నెల తేడా కండరంలో లేదు, దాన్ని ఎవరు అడుగుతున్నారన్న దానిలో ఉంది.

గాయమే రాకుండా చూసుకుంటే ఈ గొడవంతా లేదు కదా అనేవాళ్లు నార్డిక్ వ్యాయామం పేరు చెబుతారు. మోకాళ్ల మీద కూర్చుంటే మడమలను ఇంకొకరు పట్టుకోవడం, ఒళ్లు నిటారుగా ఉంచి నెమ్మదిగా ముందుకు వాలడం, అంతే. పైసా ఖర్చు లేదు. 2011లో డెన్మార్క్‌లో 942 మంది ఆటగాళ్ల మీద చేసిన ప్రయోగంలో కొత్త గాయాలు సగానికి పైగా, తిరగబెట్టేవి అంతకంటే ఎక్కువగా తగ్గాయి. అయినా 2015లో యూరప్, నార్వే అగ్రశ్రేణి జట్లను అడిగితే దాన్ని పూర్తిగా పాటిస్తున్నవి నూటికి పదకొండు. కండ నొప్పులు పుడతాయి, మ్యాచుల మధ్య చేయించడానికి రోజు దొరకదు. మళ్లీ పట్టిక దగ్గరికే వచ్చి ఆగాం.

చివరి అభ్యంతరం డబ్బు. ఐఎస్ఎల్ జట్టుకు రాడారూ పట్టీలూ ఉంటాయి, అశోక్ నగర్ ఫుట్‌బాల్ స్టేడియంలో నగర లీగ్ ఆడే కుర్రాడికి ఎవరిస్తారు? ఈ అభ్యంతరం 2014లో నిలిచేది, ఇప్పుడు నిలవదు. 2017కల్లా పరిశోధకులు మామూలు సెల్‌ఫోన్ కెమెరాతో, వరసగా పాతిన కర్రలతో ముప్ఫై నలభై మీటర్ల పరుగులోంచి అవే అంకెలు దాదాపు అంతే కచ్చితంగా రాబట్టవచ్చని చూపించారు. గౌతంపురలో ఫోన్ లేని కుర్రాడు లేడు. లేనిది గాయానికి ముందు తీసిన కొలత, అంటే సీజన్ మొదట్లో అందరినీ ఒకసారి పరుగెత్తించి రాసిపెట్టుకున్న కాగితం. అదుంటే తిరిగొచ్చినవాణ్ణి ఇంకెవరితోనో కాక తనతోనే పోల్చవచ్చు, పైన చెప్పిన అధ్యయనం చేయలేకపోయిన పని అది. ఇక వ్యవధి విషయంలో 2020లో కరోనా కారణంగా వచ్చి, 2022లో స్థిరపడిన అయిదు సబ్‌స్టిట్యూట్ల నియమం కోలుకుంటున్నవాడికి మేలే చేసినట్టు కనిపిస్తుంది. 1948లో గాయపడ్డవాణ్ణి మార్చలేక మైదానంలో ఉంచేవారు. ఇప్పుడు సగం కోలుకున్నవాణ్ణి చివరి పదిహేను నిమిషాలకు దించి కొద్దికొద్దిగా అలవాటు చేయవచ్చు. కానీ 75వ నిమిషంలో వింగర్‌ను దించేదే అలసిన డిఫెండర్ల వెనక ఖాళీలోకి దూసుకెళ్లడానికి. నిమిషాల్లో చూస్తే చిన్న మోతాదు, నిండు వేగపు పరుగుల్లో చూస్తే ఒక్కోసారి మొదటి అర్ధభాగమంతటికీ సమానం. ఆ పదిహేను నిమిషాల్లో అతను ఎన్నిసార్లు నిండు వేగం అందుకోవాల్సి వస్తుందో, అంతకుముందు వారం సాధనలో అన్నిసార్లు అందుకున్నాడా లేదా అన్నది గాయమై ఎన్ని రోజులైందన్న లెక్కలో కనిపించదు.